పరిగెయా, స్వాస్థ్యమా?

ధ్యానమునకు: సంఖ్యాకాండము 27:1–11, రూతు 2, 4 అధ్యాయములు



రైతు అని ఎవరిని పిలువవలెను? ఇది బడిపిల్లల ప్రశ్నవలె కనబడును. నేలను నమ్ముకొని, విత్తి, పెంచి, పంటను ఇంటికి చేర్చు మనిషి రైతు అని ఎవరైనను చెప్పుదురు. అట్లయిన మన చేలగట్ల మీద నడచుచు ఒకసారి లెక్క చూచుకొందము. నిరుటి పంటలో మంచి కంకులు ఏరి, బూడిద కలిపి, వేపాకు వేసి విత్తనము దాచినది ఎవరు? నారు పీకినది ఎవరు? బురదలో నడుము వంచి నాటు వేసినది ఎవరు? రెండు మూడు మారులు కలుపు తీసినది, పత్తి ఏరినది, మిరపకాయ కోసినది, కళ్లములో గింజ చెరిగినది, పేడతట్ట నెత్తిన పెట్టుకొని దిబ్బకు మోసినది ఎవరు? నాగలి, బండి, అమ్మకము, అప్పు పురుషుని చేతిలో ఉన్నవి. తక్కిన పనిలో పెద్దపాలు స్త్రీదే. అయినను ఎవరైన క్రొత్తవారు వచ్చి, "మీ ఇంట రైతు ఎవరు?" అని అడిగినప్పుడు ఆమె తానే లోపలికి చూచి భర్తను పిలుచును. "నీవేమి చేయుదువమ్మా?" అని ఆమెనడిగినచో, "నాదేమున్నది అయ్యగారూ, పొలము పనికి పోవుదును" అనును.

ఈ జవాబులోని బాధ మనకు వినబడదు. చెవులకు అలవాటైపోయినది. అందుచేత ఈ నెల ఈ సంగతినే మీతో కలిసి ధ్యానింపగోరుచున్నాము. పని ఒకరిదై పేరు మరియొకరిదైనప్పుడు, పనిచేసిన ఆమెకు మనము చేయవలసినది ధర్మమా, లేక తీర్చవలసిన బాకీయా?

ఐక్యరాజ్య సమితి 2026వ సంవత్సరమును మహిళా రైతు సంవత్సరముగా ప్రకటించినది. పేరు పెట్టినంత మాత్రమున కలుపు తీయుట ఆగదు. అయినను లోకమంతయు ఒక ప్రశ్న అడుగుచున్నప్పుడు సంఘము దానిని విననట్లు ఊరకుండరాదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున సాగుదారులుగా లెక్కకు వచ్చిన స్త్రీలు 3 కోట్ల 50 లక్షలకు పైగా ఉన్నారు. వ్యవసాయ కూలీలుగా లెక్కకు వచ్చిన స్త్రీలు 6 కోట్లకు పైగా ఉన్నారు. 2015–16 వ్యవసాయ గణనలో, స్త్రీల చేతిలోనున్న కమతములు నూటికి 14 మాత్రమే. వాటి విస్తీర్ణము చూచినచో నూటికి 12 వంతులైనను లేదు. చేతులు కోట్లకొలది, చేను కొంచెము. ఈ రెండు అంకెల మధ్యనున్న ఎడమే మన ప్రశ్న.

మోషే ధర్మశాస్త్రములో కోతకాలమునకు ఒక కట్టడ కలదు. చేను కోయువాడు అంచుల వరకు ఊడ్చి కోయరాదు. రాలిన పరిగెను తానే ఏరుకొనరాదు. వాటిని బీదలకును పరదేశులకును విడువవలెను. ఆ కట్టడ వలననే మోయాబీయురాలైన రూతు బేత్లెహేము చేలలో సాయంకాలము వరకు ఏరి, తాను తిని, తన అత్తకు తెచ్చిపెట్టెను. బోయజు దయగలవాడు. ఆమె కొరకు పనలలోనుండి కొన్ని కంకులు కావలెననియే విడిపించెను. మన ఉపదేశములలో ఈ భాగమును ఎంతో ప్రీతితో చెప్పుకొందుము. కాని రూతు చరిత్ర రెండవ అధ్యాయముతో ముగియలేదు. నాల్గవ అధ్యాయములో బోయజు ఊరి గవినియొద్దకు పోయి, పెద్దలను పిలిచి కూర్చుండబెట్టి, ఎలీమెలెకు పొలము సంగతి ఎత్తెను. దయ చేనిలో జరిగినది; న్యాయము గవినిలో, సాక్షుల యెదుట జరిగినది. పరిగె ఆ పూట ఆకలి తీర్చెను. పొలము మాట తేలిన తరువాత గాని ఆ ఇంటి పేరు నిలువలేదు.

ఈ రెండు మాటలు మనస్సున పెట్టుకొని, మన పల్లె స్త్రీల కొరకు జరిగిన పనిని చూతము.

ఆ పనిని తక్కువ చేయుట మా ఉద్దేశము ఎంతమాత్రమును కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు సారా అంగడిని ఎదిరించుట మొదలుపెట్టగా, ఆ ఉద్యమము రాష్ట్రమంతటికి ప్రాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధము వచ్చినది. సారా మాని మిగిలిన డబ్బు పొదుపు సంఘముల పెట్టెలలోనికి చేరినది. దినమునకు ఒక రూపాయి దాచుకొన్న స్త్రీలు తరువాత బ్యాంకు మెట్లు ఎక్కిరి. 2004 ప్రాంతమునుండి మహిళా సమాఖ్యల ద్వారానే పురుగుమందులు లేని సేద్యము నేర్పుట జరిగినది. 2016 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయము కూడ ఎక్కువగా ఈ సంఘముల మీదనే నడచుచున్నది. ఆవుపేడ, మూత్రము, బెల్లము, పప్పుపిండి, గట్టున నున్న పిడికెడు మన్ను కలిపి జీవామృతము చేయుట, వేపగింజల కషాయము కాచుట, ఇవి పెద్ద చదువు కావలసిన పనులు కావు. పొలములో నేర్చిన స్త్రీయే పొరుగూరి స్త్రీకి నేర్పుట అక్కడి పద్ధతి. ఎక్కడినుండియో వచ్చి ఒకదినము ఉపన్యసించి పోవువాని మాటకంటె, తనవలె కొడవలి పట్టిన చేయి చూపిన పని త్వరగా నాటుకొనును.

పాత మెదకు జిల్లాలోని జహీరాబాదు ప్రాంతము మరియొక సాక్ష్యము. మెదకు దేవాలయమును ఎరిగిన మనకు ఆ ఎఱ్ఱనేలలు, ఆ ఎండలు క్రొత్త కావు. అక్కడ 1983లో పస్తాపూర్ కేంద్రముగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆరంభమై, గ్రామ గ్రామమున స్త్రీల సంఘములు ఏర్పడినవి. వారిలో ఎక్కువమంది దళిత స్త్రీలు. అనేకులకు అక్షరములు రావు. వారు పడావు పడిన భూములను బాగుచేసుకొనిరి. కౌలుకు తీసికొని కలిసి సేద్యము చేసిరి. పచ్చజొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, కంది, అనుములు, ఇట్లు ఒకే చేనిలో పది పదిహేను రకములు వేసిరి. ఒకటి ఎండిన మరియొకటి నిలుచును గనుక ఆ ఇంట పొయ్యి ఆరిపోదు. విత్తనములను బుట్టలలో పెట్టి పేడతోను మట్టితోను అలికి దాచుకొనిరి. లేనివారికి అప్పుగా ఇచ్చి, పంట వచ్చిన తరువాత తీసుకొన్నదానికంటె ఎక్కువగా విత్తనమునే తిరిగి పుచ్చుకొనిరి. 1990ల నడుమ కాలములో ఊరి జొన్నను ఊరిలోనే నిలువచేసి బీదలకు తక్కువ ధరకు ఇచ్చు ఏర్పాటు కూడ చేసికొనిరి. 2008లో మాచనూరులో తమ సొంత రేడియో పెట్టుకొనిరి. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము వారికి లభించినది.

వీరు తమ కూటమిని "సంఘం" అని పిలుచుకొందురు. ప్రియులారా, ఆ మాట మనకు ఎంతటిదో మీరు ఎరుగుదురు. మనము ఆదివారము కూడుకొనుదానికిని అదే పేరు. ఒక అవయవము బాధపడినప్పుడు తక్కినవి కూడ బాధపడవలెనని పౌలు బోధించిన కూటమికిని అదే పేరు. ఒకరి విత్తనము లేమిని పదిమంది తీర్చుట చూచి మనము నేర్చుకొనవలసినది కలదు.

అయితే సంఘము అను పేరుతో వచ్చినదంతయు సంఘము కాదు. అప్పులిచ్చు కంపెనీలు కూడ స్త్రీలను గుంపులు కట్టి, ఒకరి బాకీకి అందరిని పూచీ చేసి, వారము వారము వాకిట నిలిచి వసూలు చేసిన దినములు మనము ఎరుగుదుము. ఆ బాధ తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిన తరువాత 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వాటిని అదుపుచేయుటకు ఆర్డినెన్సు తేవలసివచ్చినది. సొంత పొదుపు సంఘములలోను ఒక చిక్కు ఉండనే ఉన్నది. అప్పు ఆమె పేరున వచ్చును. డబ్బు భర్త ఖర్చు చేయును. వాయిదా నాడు పదిమందిలో తల వంచి నిలుచునది ఆమె. తెల్లవారి నీళ్లు, వంట, పశువులు, పగలు పొలము, రాత్రి మీటింగు. మనము శిక్షణ అని పిలుచునది ఆమెకు నాల్గవ బరువు కావచ్చును. పొలము నీది కాదు, పైరు ఎన్నుకొనుట నీ ఇష్టము కాదు, అమ్మిన డబ్బు నీ చేతికి రాదు అని చెప్పుచు, అదే పొలములో మేలైన సేద్యము నేర్చుకొమ్మని పిలుచుట ఏమి న్యాయము? నేర్చుకొన్న పద్ధతి వేయుటకు ఆమె ఎవరిని అడుగవలెను?

ఇక్కడనే పరిగెకును స్వాస్థ్యమునకును భేదము తెలియుచున్నది. 2018లో తెలంగాణలో ఆరంభమైన రైతుబంధు సహాయము పట్టాదారు పాసుపుస్తకమును బట్టి వచ్చినది. 2019లో వచ్చిన పి.ఎం. కిసాన్ సహాయమును భూమి లెక్కను బట్టియే ఏర్పడినది. పేరు లేని చేతికి అవి చేరవు. భర్త పోయినప్పుడు ఈ సంగతి మరి బాగుగా తెలియును. అతడు చేసిన అప్పు మరునాడే ఆమె వాకిటికి వచ్చును. భూమి మాత్రము మామ పేరుననో బావ పేరుననో ఉండిపోవును. ఎం.ఎస్. స్వామినాథన్ గారు అధ్యక్షులుగా నున్న జాతీయ రైతుల కమిషన్ తరువాత వచ్చిన 2007 రైతుల విధానము, కౌలుదారులను, పాలికాపులను, వ్యవసాయ కూలీలను కూడ రైతులుగానే చెప్పినది. ఆ పెద్దలే రాజ్యసభలో ఉండగా మహిళా రైతుల హక్కుల కొరకు ఒక బిల్లు ప్రవేశపెట్టిరి. అది చట్టము కాలేదు. ప్రభుత్వములు చేయవలసినది ప్రభుత్వములను అడుగవలెను. అయితే ఎవరి అనుమతియు లేకుండ మన ఇంట మనము చేయదగినది ఒకటి కలదు. దానినే తలచుకొందము.

వీలునామా వ్రాయకుండ మరణించిన క్రైస్తవుని ఆస్తి విషయమై 1925 నాటి భారత వారసత్వ చట్టము ఏమి చెప్పుచున్నదో మీలో ఎందరికి తెలియును? భార్యయు బిడ్డలును ఉన్నయెడల, భార్యకు మూడవ వంతు. మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికి సమానము. కుమారుడని, కుమార్తెయని భేదము లేదు. పెండ్లియైన కుమార్తెయని తగ్గింపు లేదు. హిందూ కుటుంబములలో కుమార్తెలకు పూర్వికుల ఆస్తిలో సమాన హక్కు మన ఆంధ్రప్రదేశ్‌లో 1985లోను, దేశమంతట 2005లోను వచ్చినది. క్రైస్తవుల చట్టమునకు నూరేండ్లు నిండినవి. కేరళలోని తిరువాన్కూరు ప్రాంతమున మాత్రము క్రైస్తవ కుమార్తెకు కుమారుని పాలులో నాల్గవ వంతో, 5,000 రూపాయలో, ఏది తక్కువైన అది ఇచ్చు పాత చట్టము నడిచెను. మేరీ రాయ్ గారు సుప్రీము కోర్టు వరకు పోగా 1986లో అక్కడను 1925 చట్టమే వర్తించునని తీర్పు వచ్చినది. ఆ తీర్పును అక్కడి క్రైస్తవులలో అనేకులు సంతోషముతో అంగీకరింపలేదు. వారిని విమర్శించుటకు మనకు నోరు లేదు. మన పల్లెలలో చట్టము మొదటినుండి కుమార్తె పక్షముననే ఉండగా, ఎందరు కుమార్తెలకు సెంటు నేల దక్కినది?

ఇందుకు మన పెద్దలు చెప్పు మాటలు మేము వినుచున్నాము. అవి గౌరవముతో వినదగినవే. మొదటిది, కట్నమిచ్చి పంపితిమి గదా అందురు. కట్నము పుచ్చుకొన్నది అల్లుడును అతని తలిదండ్రులును. దానితో ఆమె పేరు ఏ పుస్తకములోను ఎక్కలేదు. 1961లోనే చట్టము నిషేధించినదానిని ఇచ్చి, చట్టము ఇమ్మన్నదానికి అది చెల్లు అనుట ఏ లెక్క? రెండవది, భూమి ముక్కలగును అందురు. నలుగురు కుమారులున్న ఇంట భూమి నాలుగు ముక్కలైనప్పుడు ఎవరును అడ్డము చెప్పరు. ముక్కల భయము కుమార్తె పేరు ఎత్తినప్పుడే వచ్చుచున్నదేల?

మూడవ మాట లోతైనది. "మా ఆడబిడ్డయే నాకు వద్దని సంతోషముతో సంతకము చేసినది" అందురు. ఇది నిజమే. అన్నదమ్ముల మీది ప్రేమచేత సంతకము చేసిన అక్కచెల్లెండ్రు మన సంఘములలో అనేకులున్నారు. వారి ప్రేమ గొప్పది. కాని ఆమె సంతకము చేయనని చెప్పియుండిన ఏమగును? పుట్టింటి గడప ఆమెకు తెరచియుండునా? పండుగకు పిలుపు వచ్చునా? వదినె కాళ్లకు నీళ్లిచ్చునా? భర్త కొట్టి తరిమిన రాత్రి తలదాచుకొనుటకు ఆ ఇల్లు ఉండునా? కాదనుటకు వీలులేని చోట అవుననుట ఇష్టపూర్వకమైన దానమని చెప్పుట కష్టము. మన దేవుడు కానుకను బలవంతముగా అడుగువాడు కాడు. చెల్లెలి ప్రేమను నిజముగా ప్రేమగా స్వీకరింపగోరు అన్న, ముందు ఆమె పాలును ఆమె చేతిలో పెట్టవలెను. ఆ తరువాత ఆమె తిరిగి ఇచ్చినచో అది దానము. అంతకు ముందు అది ఆచారము మాత్రమే.

సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని వారి పేర్లు గ్రంథములో ఒకటికి రెండు మారులు కాదు, పలుమారులు వ్రాయబడినవి. వారు ప్రత్యక్షపు గుడారపు ద్వారమున మోషే యెదుట, యాజకుని యెదుట, ప్రధానుల యెదుట, సర్వసమాజము యెదుట నిలిచి, కుమారులు లేని తమ తండ్రి స్వాస్థ్యములో తమకు భాగము అడిగిరి. మోషే వారిని గద్దింపలేదు. తానే తీర్పు చెప్పను లేదు. ఆచారమును చూపి పంపివేయుట అతనికి ఎంతో సులభము; అయినను ఆ మాటను దేవుని సన్నిధికి కొనిపోయెను. దేవుడు ఆ కుమార్తెలు చెప్పినది సరియైనదే అని సెలవిచ్చి, వారి మనవిని ఇశ్రాయేలునకు కట్టడగా చేసెను. తరువాత గోత్రపు భూమి పరుల పాలు కాకుండ, వారు తమ గోత్రములోనే వివాహము చేసికొనవలెనను నియమము ఏర్పడినది. పెద్దల భయమునకు కూడ అక్కడ జవాబు దొరికినది; కాని ఆ భయమును సాకుగా చేసి వారి భాగమును ఎవరును తీసివేయలేదు. యెహోషువ కాలమున వారు తమ భూమిని పుచ్చుకొనిరి.

"మా ఇంట పంచుటకు నేల ఏది అయ్యా?" అని కూలిచేసి బ్రతుకు మన వారిలో అనేకులు అడుగుదురు. ఈ మాట వారికిని చెందును. ఒకే చేనిలో ఒకే పొద్దు పనిచేసిన ఇద్దరిలో స్త్రీకి కూలి తగ్గించుట సరికాదని 1976లోనే సమాన వేతన చట్టము చెప్పినది. మన సంఘస్థులలో నలుగురు కూలీలను పిలుచుకొను రైతులు ఉన్నారు. వారు మొదట దీనిని పాటింపవలెను. భూమి లేని స్త్రీలు పదిమంది కలిసి కౌలుకు తీసికొనవచ్చును. కేరళలో 1998లో ఆరంభమైన కుటుంబశ్రీ సంఘముల స్త్రీలు ఈ విధముగా గుంపులుగా సేద్యము చేయుచున్నారు. ఇంటి స్థలము పట్టాలో భర్తతో పాటు భార్య పేరు వ్రాయించుట ఏ పేదవానికిని భారము కాదు.

ఇక మన సంఘములలో ఏమి చేయుదము? కోతపండుగనాడు కానుకల పట్టీ చదువునప్పుడు కుటుంబ పెద్ద పేరు మాత్రమే చదువుట మన వాడుక. ఆ ధాన్యమును నాటినది, చెరిగినది, గంపలో పెట్టి మోసికొని వచ్చినది ఆమె. ఈ సారి ఆమె పేరును చదువుదము. దేవాలయపు వసారా వారములో ఆరు దినములు ఖాళీగా ఉండును. స్త్రీల సమాజమువారు సేద్యపు పాఠములకును విత్తనముల పంపకమునకును దానిని వాడుకొందురు గాక. ఆ పాఠములు ఆమెకు తీరికయైన వేళ పెట్టవలెను; ఆ పూట పిల్లలను, పశువులను పురుషులు చూచుకొనవలెను. ఎవరైన ప్రభువునందు నిద్రించినప్పుడు ఓదార్చుటకు పోవు పెద్దలు, విధవరాలి మూడవ వంతు సంగతిని, కుమార్తెల పాలు సంగతిని కూడ మృదువుగా జ్ఞాపకము చేయవలెను. ఇది ప్రార్థన తరువాత చేయదగని లోకపు మాట కాదు. తలిదండ్రులు లేని పిల్లలను, విధవరాండ్రను పరామర్శించుటయే నిర్మలమైన భక్తియని యాకోబు తన పత్రికలో నేర్పియున్నాడు.

సంఘములు పెట్టుదము, విత్తనములు పంచుదము, శిక్షణ ఇప్పింతము. వీటిని మానవద్దు. రూతు ఆ దినమున పరిగె ఏరకపోయిన నయోమి ఆకలితో నుండెడిది. కాని పరిగె ఏరనిచ్చి, మేము ఎంతో చేసితిమని తృప్తిపడి ఇంటికి పోవద్దు. బోయజువలె గవిని వరకు పోదము. తన చేతుల ఫలమును ఆమె పుచ్చుకొనవలెనని సామెతలు ముప్పదియొకటవ అధ్యాయము కోరుచున్నది. ఆ ఫలము మన చేతిలోనుండి ఆమె చేతికి దాటువరకు మన పాట ఎంత మధురమైనను అది సగమే.

అయ్యలారా, ఈ వారము మీ ఇంట పాసుపుస్తకము పెట్టెలోనుండి తీసి, అందులో ఎవరి పేరున్నదో ఇంటిల్లపాది కూర్చుండి చదువుడి. అమ్మలారా, క్రొత్తవారు వచ్చి అడిగినప్పుడు లోపలికి చూడకుడి. నేను రైతును అని చెప్పుడి. విత్తువారికి విత్తనమును, తినుటకు ఆహారమును దయచేయు ప్రభువు మీ చేలను, మీ ఇండ్లను, మీ కుమార్తెలను ఆశీర్వదించునుగాక. ఆమేన్.